పొద్దుతిరుగుడు హారం వెనక వేలిముద్ర

కరీంనగర్,
డిసెంబరు 4, బుధవారం.

ప్రియమైన లిడియాకు,

దేవుని కృపలో నువ్వూ, గ్రేసూ, అల్లుడూ, ఇంకా పేరు ఖాయం కాని చిన్నదీ చల్లగా ఉన్నారని నమ్ముతూ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. 'బాగానే' అన్న మాటను నువ్వు ఎట్లా చదువుతావో నాకు తెలుసు కనుక ముందే చెప్తున్నాను, ఒంట్లో బాగానే ఉంది.

ఫోన్ ఉండగా ఉత్తరాలేమిటని గ్రేస్ నవ్వుతోందని రాశావు. నవ్వనీ. నేను ఉట్నూరు ఆశ్రమ పాఠశాలలో పనిచేసిన నాలుగేళ్ళూ మనం ఉత్తరాల మీదే కాపురం చేశామని దానికేం తెలుసు? ఫోన్ చేస్తే నువ్వు కెమెరా చిన్నదాని మీదికి తిప్పేస్తావు. నేను దానికి చిటికెలు వేస్తూ కూర్చుంటాను. చెప్పాల్సిన మాట చెప్పకుండానే పెట్టేస్తాం. ఈ నెల రోజులూ ఆ పద్ధతి నాకు చాలా కలిసొచ్చింది. ఎందుకు కలిసొచ్చిందో కింద రాస్తాను, కంగారుపడి చివరి పేజీకి పోకు. మన వీధి బుచ్చిరాములు కొడుకు సదానందం సెలవు అయిపోయి శుక్రవారం మీరున్న మస్కట్‌కు తిరిగి వస్తున్నాడు. వాడి సంచిలో కారం, చింతపండు, నువ్వు అడిగిన పసుపుతో పాటు ఈ కవరూ, ఒక చిన్న స్టీలు డబ్బా పెట్టాను. డబ్బా మూత ఉత్తరం చదివాకే తియ్యి.

నువ్వు అడిగినవాటికి జవాబులు. బీపీ గోలీ మరిచిపోకుండా వేసుకుంటున్నాను. వంటింటి కిటికీ రెక్క బాగు చేయించాను, వడ్రంగి మూడుసార్లు రేపన్నాడు, నాలుగోసారి వచ్చాడు. ఎదురింటి సత్తవ్వకు మోకాళ్ళ నొప్పి కొంచెం తగ్గింది. తగ్గిందో లేదో గానీ రోజూ సాయంత్రం గిన్నె పట్టుకుని రోడ్డు దాటి వస్తోంది. "లిడియా వచ్చేదాక సారు కడుపు నా జిమ్మ" అంటుంది. వద్దంటే వినదు. ఆమె చేసే పచ్చిపులుసులో ఉప్పు ఎక్కువని నేను చెప్పినట్టు ఆమెకు రాయకు.

ఇక నీ నగల మట్టి. 'నా పసుపు క్లే ముద్దలకు ఎండ తగలకుండా చూస్తున్నావా?' అని అడిగావు. ఎండ తగల్లేదు. నా చెయ్యి తగిలింది. బీరువా కింది అరలో నువ్వు గుడ్డ చుట్టి దాచిన పసుపు ముద్దలు మూడూ తీశాను. నువ్వు చేసినట్టే అరచేతుల్లో వేసి మెత్తబడేదాకా పిసికాను, గాజు సీసాతో పలచగా ఒత్తాను, సూదితో రేకులు గీశాను. నడుమ గోధుమరంగు గింజలు పెట్టాను. చూడడానికి పూలలాగే ఉన్నాయి. 'నూట ముప్పై దగ్గర, అరగంట' అని నువ్వు ఓవెన్ పక్కన గోడ మీద పెన్సిలుతో రాసిపెట్టే పోయావు. నాకేమో తొందర. రెండువందల దగ్గర పెట్టి పావుగంటలో తీద్దామనుకున్నాను. పేపరు చదువుతూ కూర్చున్నాను. వాసన వచ్చి లేచేసరికి ఇల్లంతా పొగ. సత్తవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఉరుకుతూ వచ్చింది.

"సారూ, ఇల్లు గిట్ల అంటుకున్నదా ఏంది? గిదేం కమురు వాసన?"

ట్రే బయటికి లాగి చూపించాను.

"గివేంది? మాడిన మక్క కంకులా?"

"పూలమ్మా" అన్నాను. ఆమె ట్రే వైపు చూసింది, నా ముఖం వైపు చూసింది, ఇంకేమీ అడగకుండా తలుపులూ కిటికీలూ తెరిచి పోయింది. ఎందుకు అడగలేదో నాకు అప్పుడు అర్థం కాలేదు.

నీ మట్టి పాడుచేసినందుకు నువ్వు తిడతావని తెలుసు. తిట్టు. కానీ ఇది చిన్న తప్పు. పెద్దది చెప్పడానికి ధైర్యం చాలక ముందు దీన్ని రాశాను. ముప్పై ఒక్క ఏళ్ళు డ్రాయింగు మాస్టరుగా చేసి ఏనాడూ నీ క్లే ముట్టనివాణ్ణి, నువ్వు లేనప్పుడు అంత ఆత్రంగా ఎందుకు ముట్టుకున్నాను? దానికి మన చర్చిలో జరిగిన కోత పండుగ నాటికి పోవాలి. అంతకంటే ముందు మన వంటింటి గోడ దాకా పోవాలి.

ఆ గోడ మీది క్యాలెండరు బొమ్మ నీకు తెలుసు, వాన్ గో వేసిన పొద్దుతిరుగుడు పూలు. నా తరగతి గదిలో వేలాడి వేలాడి అంచులు చిరిగిన కాగితం. బతికున్నన్నాళ్ళూ ఎవరూ గుర్తించని ఆ చిత్రకారుడి కథ ఏటా పిల్లలకు చెప్పేవాణ్ణి. పిల్లలకు చెప్తున్నాననే అనుకునేవాణ్ణి. ఒక్క బహుమతి, ఒక్క శాలువా లేకుండా చాక్‌పీసు పొడిలో రిటైరయినవాడికి ఆ కథ ఎంత ఊరటో నీకు చెప్పనక్కర్లేదు. రిటైరయిన రోజు ఆ బొమ్మను తెచ్చి వంటింట్లో మేకు కొట్టింది నేనే. నేను దాన్ని రోజూ చూసి నిట్టూర్చాను. నువ్వు రోజూ చూసి, హాస్టల్లో కుట్టు టీచరుగా పిల్లలకు గుండీలు కుట్టించిన చేతులతో, ఆ పూలను చేసి చెవులకు పెట్టావు.

"చెవి కోసుకున్నాయన బొమ్మతోని చెవి కమ్మలేందే?" అని నేను వెక్కిరిస్తే నువ్వు తల ఎత్తకుండా, "ఆయనకు లేకపాయె, పెట్టుకునేటోళ్ళకన్న ఉండనియ్యి సారూ" అన్నావు. కోపం వచ్చినప్పుడే నన్ను సారూ అంటావు. నాకు అది తెలిసి కూడా ఆగలేదు. మొదటి జత తయారైనప్పుడు, నా అక్షరాలు బాగుంటాయి కదా అని, వెనక నీ పేరు చెక్కిపెట్టమని అడిగావు. నేనేమన్నానో నీకు గుర్తుందా? "పేరు బొమ్మలేసేటోళ్ళు రాసుకుంటరు. గివి గాజుల దుకాణంల దొరికేటివే గద" అన్నాను. నువ్వు పచ్చి పూవును వెనక్కి తిప్పి, బొటనవేలు ఒత్తి, ఓవెన్‌లో పెట్టేశావు. అప్పటినుంచి నువ్వు చేసిన ప్రతి పూవు వెనకా నీ బొటనవేలి ముద్రే. చిన్నప్పుడు హుస్నాబాద్ దగ్గర మీ బాపు పొలంలో వరి కోస్తుంటే కొడవలి తగిలిన గాటు, అడ్డంగా, అంతా అచ్చుపడి ఉంటుంది.

గ్రేస్‌కు కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందని డాక్టరు చెప్పిన రోజు నువ్వు మొక్కుకున్నావు. 'తల్లీబిడ్డా క్షేమంగా బయటపడితే నా చేతులతో చేసిన పొద్దుతిరుగుడు హారం కోత పండుగకు కానుకగా ఇస్తాను' అని. పోయేముందు పదకొండు పూల హారం చేసి నా చేతిలో పెట్టావు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో లోపలికి పోతూ పోతూ వెనక్కి తిరిగి, చీటీ మీద ఏం రాయాలో మళ్ళీ చెప్పావు. 'లిడియా. కూతురు గ్రేస్ సుఖప్రసవానికి కృతజ్ఞత కానుక. తన చేతులతో చేసినది.' మూడే ముక్కలు.

పండుగ నాటికి తల్లీబిడ్డా క్షేమంగా బయటపడ్డారు. పండుగ కానుకలన్నిటికీ చీటీలు రాసేది ఎప్పుడూ నేనే కదా. ఈసారి కూడా అందరివీ రాశాను. మొదటి కోత వడ్లకు, గుమ్మడికాయలకు, కోళ్ళకు, సత్తవ్వ తెచ్చిన పెసర్ల మూటకు, ఎవరు చెప్పిన మాట వాళ్ళకు పొల్లుపోకుండా రాశాను. నీ హారం దగ్గరికి వచ్చేసరికి 'వెస్లీ సారు కుటుంబం' అని రాశాను. చీటీ చిన్నది, అన్ని అక్షరాలు పట్టవు అని నాకు నేను చెప్పుకున్నాను. పట్టేవి లిడియా. నువ్వు చెప్పిన మూడు ముక్కలూ హాయిగా పట్టేవి.

జూన్‌లో వచ్చిన కొత్త పాస్టర్‌గారికి నీ పని సంగతి తెలియదు. కానుకల వేలం మొదలవగానే హారం చేతికి తీసుకుని చీటీ చదివారు. "అబ్బ, ఏం పని! వెస్లీ సారు డ్రాయింగు మాస్టరు గద, సారు చేసిందే అయి ఉంటది. అవునా సారూ?" అని మైకులో అడిగారు. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. కాదు అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను తల వంచాను. వినయంతో వంచినట్టు కనబడేలా వంచాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు బాగున్నాయి లిడియా. నీ ముందు దాచను, చాలా బాగున్నాయి. ముప్పై ఏళ్ళుగా ఆకలితో ఉన్నవాడికి పక్కవాడి పళ్ళెం కూడా కమ్మగానే ఉంటుందేమో.

మంకమ్మతోటలో ఆడపిల్లలకు చేతిపనులు నేర్పే మమతారాణి ఎవరికీ వదలకుండా వేలంలో హారం పాడుకుంది. 'ఈ విద్యను వెస్లీ సారుకు దయచేసిన దేవా, నీకు స్తోత్రం' అని పాస్టర్‌గారు ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను కూడా అన్నాను. ఆ ప్రార్థనలో నీ పేరు లేదు. గ్రేస్ పేరు లేదు, చిన్నదాని ఊసే లేదు. బిడ్డ కోసం నువ్వు మొక్కిన మొక్కు నా పొగడ్తగా మారిపోయింది.

ఫోన్‌లో నువ్వు రెండుసార్లు అడిగావు. 'ఇచ్చాను, బాగుందన్నారు, ఏదీ చిన్నదాన్ని చూపించు' అన్నాను.

అక్కడితో ఆగినా తల వంచానని సరిపెట్టుకునేవాణ్ణేమో. తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల దగ్గర మమతారాణి నన్ను ఆపింది. మెడలో నీ హారమే.

"సారూ, మీరు మా సెంటర్‌కు రావాలె. పిల్లలకు గీ పని నేర్పాలె. జనవరిల ప్రదర్శన పెడ్తున్నం, మీవి ఓ పది హారాలు గావాలె" అంది. సంతోషం పట్టలేక హారం నడిమి పూవు తిప్పి చూపించింది. "వెనక గీ వేలిముద్ర ఎంత మంచిగున్నది సారూ! గిది మీ బొటనవేలేనా?"

"అవునమ్మా" అన్నాను.

అంటూనే కుడిచెయ్యి జేబులో పెట్టుకున్నాను. నా చెయ్యి చూపించమని ఆమె అడగలేదు. అడుగుతుందేమోనని చెయ్యి జేబులోంచి తియ్యలేదు. పక్కనే సత్తవ్వ చెప్పులు వేసుకుంటోంది, చాలాసేపు వేసుకుంది. తల వంచడం ఒక ఎత్తు, నోటితో చెప్పిన అబద్ధం ఒక ఎత్తు. నీ పేరు రాయనన్నది నేను, పేరుకు బదులు నువ్వు పెట్టుకున్న ఆ ఒక్క గుర్తును కూడా నాదని చెప్పింది నేనే. ఇంటికి వచ్చి దీపం కింద నా బొటనవేలు చూసుకున్నాను. నున్నగా ఉంది. ఏ పొలంలోనూ తెగని వేలు.

మూడు రోజులకు సదానందం సెలవు మీద వచ్చి నీ ఉత్తరం ఇచ్చాడు. 'హారం ఎవరు పాడుకున్నారు? పాస్టర్ అయ్యగారు గ్రేస్ పేరు పెట్టి ప్రార్థన చేశారా? ఆ మాటలు రాసి పంపు, దీనికి చదివి వినిపిస్తాను' అని రాశావు. ఆ పేజీ మడిచి బైబిల్లో పెట్టాను. బైబిల్ తెరవడం మానేశాను. నీ క్లే బయటికి తీసింది ఆ రోజే. నేనే చేయడం నేర్చేసుకుంటే చెప్పిన అబద్ధం ఎంతో కొంత నిజమవుతుందని దురాశ. అది ఎట్లా మాడిందో పైన చదివావు.

బుచ్చిరాములు ఇంట్లో తర్వాతి సోమవారం వేములవాడ పోయి, సదానందం తాడు పట్టి గుడి చుట్టూ తిప్పగా, రాజన్నకు కోడె కట్టి మొక్కు తీర్చి వచ్చారు. నిరుడు మస్కట్‌లో సదానందం పరంజా మీది నుంచి పడి, ఆసుపత్రి మంచం మీద మొక్కుకున్నాడట. ప్రసాదం ఇవ్వడానికి వచ్చిన బుచ్చిరాములును ఊరికే అడిగాను, "వానికి లీవు దొరికేదాక ఏడాది ఆగుడెందుకు? వాని పేరు మీద నువ్వే కట్టి రావొద్దా?" అని.

"మొక్కింది వాడు సారూ. నేను గడ్తే నాదైతది గని వానిదెట్లైతది? తాడు ఎవలు వట్టిన్రో రాజన్నకు ఎరుకుండదా?" అన్నాడు. అని, బెల్లం ముక్క నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన మామూలుగానే అన్నాడు. నేను ఆ పూట అన్నం ముందు కూర్చుని లేచిపోయాను.

మొన్న ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచి నిలబడ్డాను. ముందు బెంచీ పట్టుకున్నాను. "కోత పండుగకు ఇచ్చిన హారం నేను చెయ్యలేదు. నా భార్య లిడియా చేసింది. అది ఆమె మొక్కు. వెనకనున్న వేలు ఆమెది. నాదని అబద్ధం చెప్పిన" అన్నాను. ఇంతే అనగలిగాను. రాసుకుపోయిన కాగితం జేబులోనే ఉండిపోయింది.

ఆడవాళ్ళ వైపు నుంచి సత్తవ్వ లేచింది, మోకాళ్ళ మీద చేతులానించి, నెమ్మదిగా.

"గీ ముచ్చట మాకు పండుగ నాడే ఎరుక సారూ. గిక్కడ కూసున్న ఆడోళ్ళల్ల సగం మంది చెవులకు లిడియా వేలే ఉన్నది."

వెనక వరుసలో ఇద్దరు నిజంగానే కమ్మలు తీసి తిప్పి చూశారు. ఒకామె పక్కామెకు చూపించింది. "మరి ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాను.

"మీరే సెప్తరని సూసినం. మా పిల్లలకు చెయ్యివట్టి గీతలు దిద్దించిన సారు. మిమ్ముల అబద్ధమాడిన్రని మేమెట్ల అంటం?" అంది సత్తవ్వ.

మూడు వారాలు లిడియా. మూడు వారాలు అంతా తెలిసి తెలిసీ ఆమె నాకు కూర గిన్నె తెచ్చిపెట్టింది. తిట్టి ఉంటే నా ప్రాణానికి హాయిగా ఉండేది.

మమతారాణి మెడలోని హారం తీసి పాస్టర్‌గారి చేతిలో పెట్టింది. నేను అక్కడే కొత్త చీటీ రాశాను, నువ్వు చెప్పిన మూడు ముక్కలూ. అక్షరాలు వంకర పోయాయి. నేను రాసిన చీటీల్లో ఇంత అధ్వాన్నమైనది ఇంకోటి లేదు. పాస్టర్‌గారు దాన్ని చదివి, నీ పేరు, గ్రేస్ పేరు చెప్పి, 'ఇంకా పేరు పెట్టని పసిపాప' అని చెప్పి మళ్ళీ ప్రార్థన చేశారు. ఆ చీటీ ఈ కవరులోనే ఉంది. గ్రేస్‌కు చదివి వినిపించు. పండుగ రోజు వినాల్సిన మాట మూడు వారాలు ఆలస్యంగా నా వల్ల వచ్చిందని కూడా చెప్పు.

ప్రార్థన అయ్యాక మమతారాణి హారం మళ్ళీ వేసుకుని, నన్ను కాదు, సత్తవ్వను అడిగింది, మేడం ఎప్పుడొస్తారని. నేను నీ నంబరు రాసి ఇచ్చాను. సెంటర్‌కు వస్తావనీ చెప్పలేదు, రావనీ చెప్పలేదు. ఈసారి నీ తరఫున నేను తల ఊపలేదు.

ఇప్పుడు డబ్బా తెరువు. అందులో ఒకే ఒక పూవు ఉంది. మాడినవి పోగా గుడ్డకు అంటుకుని మిగిలిన పసుపు గీకి, ఆదివారం సాయంత్రం చేశాను, నూట ముప్పై దగ్గర, అరగంట, ఓవెన్ ముందు నుంచి లేవకుండా. ఒక పక్క రేకులు లావు, ఒక పక్క సన్నం. నడుమ గింజలు జారిపోయాయి. ముప్పై ఒక్క ఏళ్ళ మాస్టరు పని ఇది, నవ్వుకో. వెనక్కి తిప్పి చూడు. గాటు లేదు. ఇది మాత్రం నా వేలే.

నీ పేరు చెక్కమన్నావు కదా ఆనాడు. ఇప్పుడు చెక్కమంటే ప్రతి పూవు వెనకా కూర్చుని చెక్కుతాను. వద్దు, వేలే ఉండనియ్యి అంటే అదీ సబబే. ఆ వేలిని గుర్తుపట్టడానికి ఊళ్ళో ఎవరికీ నా అక్షరాలు అక్కర్లేకపోయాయి.

క్షమించు అని ఉత్తరంలో రాయడం సులువు. అందుకే ఒకటి అడుగుతున్నాను. ఇది చదివాక ఫోన్ చేసినప్పుడు కెమెరా చిన్నదాని మీదికి తిప్పకు. నీ ముఖం మీదే ఉంచు. సారూ అని పిలిచి ఏం అనాలనుకుంటున్నావో అను. చూస్తూ వింటాను.

ఇట్లు,
నీ వేలు నాదన్న
నీ పెనిమిటి,
వెస్లీ